తలుపు దగ్గరి బొమ్మ

పోయిన వారం మన దువ్వెన మాస్టారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడి ఉంటే అలాగే వదిలేసి వచ్చాం. వారమంతా అలాగే నిలబడి ఉన్నాడని కాదు గానీ, ఆ ఫోనులో విన్న మాట నుంచి మాత్రం ఇంకా తేరుకోలేదు. "మా అమ్మని ఏం చేశారు మాస్టారూ?" అని అడిగింది కళ్ళజోళ్ళావిడ. జవాబు కోసం ఆగకుండా ఫోను పెట్టేసింది.

ఇప్పుడే మనతో కలిసినవాళ్ళ కోసం రెండు ముక్కలు. తాళాలు బాగుచేసే షాపు మీది గదిలో ఒంటరిగా కూర్చుని, జనం తెచ్చిచ్చే పాత వీడియో టేపుల్ని కంప్యూటర్లో శుభ్రం చేసిపెట్టే అరవై ఏళ్ళ మనిషి మన దువ్వెన. నెత్తిమీద మచ్చుకి ఒక్క వెంట్రుక లేని మనిషికి ఆ పేరు పెట్టింది కింద షాపు తాళాలాయన. పాత టేపులో ఒక్కో బొమ్మ నిజానికి రెండు సగాలు. ఒక సగం గీతలు ఒక క్షణానివి, వాటి మధ్య ఇమిడిన మిగతా గీతలు ఆ తర్వాతి క్షణానివి. మనుషులు కదలనంతసేపూ రెండూ కలిసిపోయి బుద్ధిగా ఉంటాయి. కదిలారా, అంచులన్నీ దువ్వెన పళ్ళలా విడిపోతాయి. కనిపించిన ప్రతివాళ్ళనీ ఆపి ఈ దువ్వెన పళ్ళ గొడవ చెప్పి చెప్పి ఆ పేరు తెచ్చుకున్నాడు. అందుకాయన నొచ్చుకోనూ లేదు. ఇంట్లో పిలిచేవాళ్ళు లేని మనిషికి వీధివాళ్ళు ఏదో ఒకటి పెట్టి పిలవడమే పదివేలు.

ఇక కళ్ళజోళ్ళావిడ. రెండు వీధుల అవతల కళ్ళు పరీక్షించి అద్దాలు అమర్చే దుకాణం ఆవిడది. నలభై దాటాయి. తల్లి ఇల్లు విడిచి వెళ్ళిపోయిన ఏడాది జరిగిన తన ఏడో పుట్టినరోజు టేపు తెచ్చిచ్చింది. తండ్రి పోయి చాలాకాలమైంది. పెంచిన మేనత్త ఉంది. "ముందురోజే ఇస్త్రీపెట్టె తగిలి అత్తయ్య చెయ్యి కాలింది మాస్టారూ, అయినా కట్టు కట్టుకుని మరీ నాకు గౌను కుట్టింది" అని టేపు చేతికిస్తూ గర్వంగా చెప్పింది. దువ్వెన ఆ టేపుని అద్దంలా తుడిచి ఇచ్చాడు. తన చేతి పనికి తనే మురిసిపోయాడు. ఆ మురిపెం మీదే ఆ ఫోను వచ్చి పడింది.

మధ్యాహ్నం ఆవిడే వచ్చింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే దువ్వెన గబగబా బల్ల మీది ఎంగిలి కప్పులు తీసి కుర్చీ కిందకి నెట్టాడు. ఆవిడ వస్తుందంటే గది సర్దడం ఆయనకు ఈమధ్యే పట్టుకున్న అలవాటు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన తెరకేసి కళ్ళు చికిలించడం చూసి, అడక్కుండానే ముక్కు మీది కళ్ళజోడు లాక్కుని వెళ్ళి, మర్నాటికి కొత్త అద్దాలు వేయించి తెచ్చింది. భార్య పోయాక ఇన్నేళ్ళలో ఆయనకు కావలసిందేమిటో ఆయన అడక్కముందే గమనించిన మనిషి ఆవిడొక్కతే. అందుకే ఆ నిష్ఠూరం అంత లోతుగా దిగింది.

ఆవిడ రోజూ కూర్చునే కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం పక్కనున్న స్టూలు లాక్కుంది. పరాయివాళ్ళు కూర్చునే చోటది.

"మొదటిరోజు టేపు ఇక్కడే వేసి చూపించారు, గుర్తుందా?" అంది. "కేకు కొయ్యకముందు కెమెరా గిర్రున తిరుగుతుంది. వీధి తలుపు మీదుగా వెళ్తుంది. ఆ తలుపు దగ్గర ఒక మనిషి ఉంది. మీరిచ్చినదాంట్లో లేదు."

దువ్వెన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఇదా సంగతి అనుకున్నాడు. సెకనుకి ఇన్ని బొమ్మలని ఆ రోజుల్లో ఒక్కోచోట ఒక్కో లెక్క ఉండేదనీ, ఆ పుట్టినరోజుని తీసిన కెమెరాది ఒక లెక్క, వీళ్ళింట్లో టీవీది ఇంకో లెక్క అనీ, ఎవరో షాపువాడు ఆ లెక్కని ఈ లెక్కలోకి మార్చేటప్పుడు పక్కపక్క బొమ్మల్ని రెండేసి కలిపి రుబ్బేశాడనీ ఓపిగ్గా చెప్పాడు. అలా కలిసిన చోటల్లా మనిషి పక్కన ఇంకో మనిషి మసగ్గా తేలుతుంది. ఒకే అమ్మాయి రెండు తలలతో నవ్వుతుంది. ఆ మసకల్ని ఏరిపారెయ్యడమే తన పని అని ముగించాడు.

"అది మనిషి కాదమ్మా," అన్నాడు. "వట్టి మసక."

"నేను పొద్దున లేస్తే చేసే పని కళ్ళు పరీక్షించడం మాస్టారూ. నిజంగా కనిపించి చెప్పేవాళ్ళెవరో, కనిపించిందనుకుని చెప్పేవాళ్ళెవరో నాకు తెలుసు. నన్ను నేను ఎన్నిసార్లు అలా పరీక్షించుకున్నానో మీకు తెలీదు."

అప్పుడు చెప్పింది, ఇంతవరకూ చెప్పకుండా దాచుకున్న సంగతి. ఏడేళ్ళ వయసులో, ఆ పుట్టినరోజునాడు, తలుపు దగ్గర తల్లిని చూసిందట. ఒక్క క్షణం. పెద్దవాళ్ళ నడుముల మధ్య నుంచి. దారి చేసుకుని అక్కడికి పరుగెత్తేసరికి తలుపు మూసి ఉంది. అమ్మ వచ్చిందని ఏడిస్తే, రాలేదన్నారు. తండ్రి అన్నాడు, వచ్చిన చుట్టాలన్నారు. అందరికన్నా మెత్తగా, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కల వచ్చి ఉంటుంది తల్లీ అని మేనత్త చెప్పింది. ఆవిడ చెప్పబట్టే నమ్మింది. నలభై ఏళ్ళొచ్చినా మధ్యమధ్య ఆ తలుపు గుర్తొస్తే, కల అని తనకు తనే చెప్పుకుంటూ వచ్చింది. మొన్న ఈ గదిలో ఆ మసక కనిపించేదాకా.

"అమ్మ బతికుందో లేదో తెలీదు. ఎక్కడుందో వెతకాలని చాలాసార్లు అనుకున్నాను. వదిలేసి వెనక్కి తిరిగి చూడని మనిషి కోసం ఎందుకని ఊరుకున్నాను. ఆ రోజు వచ్చుంటే వెతుక్కుంటూ వెళ్తాను మాస్టారూ. రాలేదంటే ఇక జన్మలో ఆ ఊసెత్తను. మీరు తేల్చి చెప్పాలి."

దువ్వెన కుర్చీ తెరవైపు తిప్పుకున్నాడు. ఎవరెవరివో టేపుల్లో దువ్వెన పళ్ళు ఏరుకునే మనిషిని పట్టుకుని ఒకరి బతుకు తేల్చమంటే ఎలా? కానీ లేదు, కాదు అనే ధైర్యమూ లేకపోయింది. టేపు నుంచి తీసిపెట్టుకున్న అసలు నకలు ఉంది. ముట్టుకోని నకలు ఒకటి ఎప్పుడూ దాచిపెట్టుకుంటాడు. దాన్ని తెరిచి ఆ చోటికి వెళ్ళి, ఒక్కో బొమ్మా నెమ్మదిగా జరిపాడు.

కెమెరా తిరుగుతోంది. గోడ, బుడగలు, ఎవరిదో భుజం, తలుపు. తలుపు సందులో నిలువుగా పొగలాంటిది. ఒక బొమ్మలో ఉంది, పక్కదాంట్లో కొంచెం చిక్కబడింది, ఆపైన పలచబడి పోయింది. వట్టి మసకే అయితే దాని పక్కనెక్కడో ఆ మసక ఎవరిదో ఆ అసలు మనిషి ఉండాలి. రెండు తలల్లో ఒక తల ఎప్పుడూ నిజంది. ఇక్కడ పక్కన ఎవరూ లేరు.

అప్పుడు అర్థమైంది ఆయనకు తను చేసిన పని. ఈ శుభ్రం చెయ్యడమంతా చేత్తో కాదు, స్క్రిప్టుతో. వరస కింద వరస ఆజ్ఞలు రాసిపెడితే, ఒక్కో వరస ఒక్కో జల్లెడై బొమ్మల్ని వడకడుతుంది. కలిసిపోయిన బొమ్మ కనిపిస్తే తీసిపారేసి, పక్కనున్న శుభ్రమైన బొమ్మలతో ఆ ఖాళీ పూడ్చమని ఒక వరస. ఆ జల్లెడ కన్ను ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె ఒకటుంటుంది. పని అద్దంలా రావాలన్న యావకొద్దీ దువ్వెన ఆ అంకెను మరీ బిగించాడు. కెమెరా వేగంగా తిరిగిన చోట వరసబెట్టి అన్నీ కలిసిన బొమ్మలే. జల్లెడ ఒక్కదాన్నీ వదల్లేదు. ఆ మనిషి శుభ్రమైన బొమ్మల్లో దేనిలోనూ లేదు. ఉన్నంతసేపూ కలిసిన బొమ్మల్లోనే ఉంది. చెత్తతో పాటు ఊడ్చుకుపోయింది.

ఆ మాట ఆవిడతో చెప్పాడు. సిగ్గుతో తల తెరవైపే తిప్పుకుని చెప్పాడు. ఎవరో ఉన్నారనీ, తనే చెరిపేశాననీ. ఆవిడ స్టూలు మీంచి లేచి, వచ్చి, రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఆయన గుండె మీంచి సగం బరువు దిగింది.

ముఖం తెలుస్తుందా అని అడిగింది. ప్రయత్నిస్తానన్నాడు. రేపు సాయంత్రం రమ్మన్నాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, అత్తయ్యను కూడా తీసుకొస్తానంది. కల అని ఇన్నాళ్ళూ అనుకున్నది ఆవిడే కదా, ఆవిడ కూడా చూస్తే సంతోషిస్తుంది అంది. అలాగే తీసుకురండమ్మా అన్నాడు దువ్వెన. ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో ఆయనకు మర్నాటికి గానీ తెలియలేదు.

పొద్దున్నే పనిలో కూర్చున్నాడు. కలిసిన బొమ్మను విడదీయడం అసాధ్యమేమీ కాదు. రెండు రంగులు సగం సగం కలిపిన డబ్బాలో ఒక రంగు ఏమిటో తెలిస్తే రెండోది ఏమిటో చెప్పొచ్చు. అలాగే ఇక్కడా. కెమెరా తిరగబోయే ముందు ఒక బొమ్మ శుభ్రంగా ఉంది. దాని పక్కది, ఆ శుభ్రమైన బొమ్మా ఇంకోటీ కలిసినది. కలిసినదాన్ని రెట్టింపు చేసి అందులోంచి తెలిసినదాన్ని తీసేస్తే తెలియనిది మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని పట్టుకుని దాని పక్కదాన్ని విడదీయొచ్చు. చిక్కల్లా, విడదీసిన కొద్దీ మచ్చలు కూడా రెట్టింపవుతాయి. రెండు మూడు మెట్లు దిగేసరికి బొమ్మంతా ఇసుక చల్లినట్టవుతుంది. అందుకని మెట్టు మెట్టుకీ ఆగి, మచ్చల్ని మాత్రమే నిమిరే ఇంకో జల్లెడ వెయ్యాలి, ముఖాన్ని నిమరకుండా.

ఆయన ఒంటరితనం గురించి ఇక్కడొక ముక్క చెప్పాలి. ఈ పనికి ముందు ఇరవై ఏళ్ళు ఊరందరి పెళ్ళిళ్ళకూ వీడియోలు తీశాడు. భార్యను మాత్రం ఒక్కసారీ తియ్యలేదు. ఖాళీగా ఉన్నప్పుడు తీస్తాలే అనేవాడు. ఖాళీ దొరికేసరికి ఆవిడ లేదు. ఎవరిదో పెళ్ళి టేపులో, కెమెరా పక్క నుంచి మంచినీళ్ళ గ్లాసు అందిస్తున్న మోచెయ్యి ఒకటుంది. అది ఆవిడది. ముఖం లేదు, మాట లేదు. ఆ మోచేతిని ఎన్ని జల్లెడలతో శుభ్రం చేశాడో లెక్కలేదు. ఎంత చేసినా మోచెయ్యి మోచెయ్యే. అందుకే పొగలోంచి ఒక ముఖాన్ని బయటికి లాగే ఈ పనిలో ప్రతి వరసనూ రెండేసిసార్లు సరిచూసుకున్నాడు.

మధ్యాహ్నానికి ముఖం వచ్చింది.

తలుపు సందులో ఒక స్త్రీ. తలెత్తి, కాస్త మునివేళ్ళ మీద లేచినట్టు, లోపలున్న జనంలో ఎవరినో వెతుకుతోంది. పెద్ద అందగత్తె కాదు. అలిసిపోయిన ముఖం. కుడిచేతిలో కాగితం చుట్టిన పొట్లం ఏదో ఉంది. ఆ నుదురూ, ఆ ముక్కూ చూస్తే ఎవరో చెప్పక్కర్లేదు. ముక్కు మీద కళ్ళజోడు పెడితే అచ్చం రెండు వీధుల అవతల దుకాణంలో కూర్చున్న మనిషే. దువ్వెన అప్రయత్నంగా, "వచ్చావా తల్లీ" అన్నాడు పైకే. గదిలో మాట్లాడే తోడు లేకపోవడం వల్ల ఆయనకు తెరమీది మనుషులతో మాట్లాడే అలవాటుంది.

అక్కడితో ఆపితే సరిపోయేది. ఆయన పనివాడు కదా, ఆగలేదు. ఈ బొమ్మ చేతికొచ్చింది గనక దీని పక్కది కూడా విడదీయొచ్చు. ఇంకా తేటగా వస్తుందేమో, కళ్ళు కూడా తెలుస్తాయేమో అని ఆశపడి ఇంకో వరస రాశాడు.

తర్వాతి బొమ్మలో తలుపు సందు సన్నబడింది. ఆ స్త్రీ ముఖం సగమే కనిపిస్తోంది. ఇప్పుడు లోపలికి చూడటం లేదు. తలుపు మూస్తున్నవాళ్ళ ముఖంలోకి చూస్తోంది. మూస్తున్నవాళ్ళు బొమ్మలోకి రాలేదు. చెయ్యొక్కటే వచ్చింది, తలుపు అంచు మీద ఆనించిన ఎడమచెయ్యి. మణికట్టు దాకా తెల్లటి కట్టుతో.

దువ్వెన చాలాసేపు కుర్చీలో అలా వెనక్కి వాలి కూర్చుండిపోయాడు. కింద తాళాలాయన ఆకురాయితో తాళంచెవిని అరగదీస్తున్న చప్పుడు వినబడుతోంది. మచ్చలేమో అనుకుని జల్లెడలు మార్చి చూశాడు. మచ్చలు మారాయి గానీ కట్టు మారలేదు. మిగతా టేపు తిప్పి చూశాడు. గౌను సర్దుతూ, పిల్లలకు కేకు పంచుతూ మేనత్త. అదే ఎడమచెయ్యి, అదే కట్టు. అంతమందిలో కట్టు ఉన్నది ఆవిడకొక్కదానికే.

ఈ చెయ్యి చూపిస్తే ఏమవుతుంది? తల్లి ఎక్కడుందో, అసలు ఉందో లేదో. అత్త మాత్రం ఉంది. పొద్దున్నే డబ్బా కట్టి పంపే అత్త, జలుబు చేస్తే దుకాణానికి ఫోన్ల మీద ఫోన్లు చేసే అత్త. వెతుక్కుంటూ వెళ్ళిన చోట తల్లి దొరక్కపోతే, తిరిగొచ్చేసరికి ఇంట్లో అత్త కూడా అత్తగా మిగలకపోతే, ఆ పిల్ల తనలాగే సాయంత్రానికి ఒక ఖాళీ గది తాళం తీసుకుని లోపలికి వెళ్ళాలి. ఆ తాళం తియ్యడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. పగవాళ్ళకు కూడా వద్దనుకునే సంగతది.

అలాగని చూపించకపోతే? మొదటిసారి తెలియక ఒక మనిషిని చెరిపాడు. ఇప్పుడు తెలిసి ఒక చేతిని చెరపాలి.

స్క్రిప్టులో ఒక సౌకర్యం ఉంది. ఏదైనా వరస అక్కర్లేదనుకుంటే దాన్ని కొట్టెయ్యనక్కర్లేదు. ముందు చిన్న గుర్తొకటి పెడితే చాలు, ఆ వరస అక్కడే ఉంటుంది గానీ లేనట్టే. గుర్తు తీసేస్తే మళ్ళీ పనిచేస్తుంది. దువ్వెన ఆఖరి వరస ముందు ఆ గుర్తు పెట్టాడు. చెరపలేదు, దాచానంతే అని తనకు తను సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు ఆయనకే అంతగా రుచించలేదు.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. మేనత్తకు డెబ్భై అయిదు పైనే ఉంటాయి. మెట్లెక్కి ఆయాసపడుతోంది. కోడలు, అదే మేనకోడలు, చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించుకుని తెచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద శాలువా సర్ది, ఆవిడ కళ్ళజోడు తీసి తన పైట అంచుతో తుడిచి మళ్ళీ పెట్టింది. దువ్వెన ఆ తుడవడం చూసి, తను చేసినదే మంచిపని అనుకున్నాడు. ముసలావిడ ఎడమచెయ్యి శాలువాలోనే ఉంది.

బొమ్మ వేశాడు.

కళ్ళజోళ్ళావిడ తెర దగ్గరకు వెళ్ళింది. మరీ దగ్గరకు వెళ్తే మచ్చలే కనిపిస్తాయమ్మా, కాస్త వెనక్కి రండి అని చెబుదామనుకున్నాడు, చెప్పలేకపోయాడు. ఆవిడ వేలితో ఆ నుదుటినీ, ఆ పొట్లాన్నీ తడిమింది.

"నాకేదో తెచ్చింది అత్తయ్యా," అంది. గొంతు ఏడేళ్ళ పిల్ల గొంతులా ఉంది. "చూడు, చేతిలో ఏదో ఉంది. కల కాదు. నిజంగా వచ్చింది."

మేనత్త ఆ ముఖాన్ని చూస్తూనే ఉంది. ఆశ్చర్యపోలేదు. దువ్వెనకు భయం వేసింది అందుకే. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న మనిషి వస్తే చూసినట్టు చూస్తోంది.

"మాస్టారూ," అంది ముసలావిడ చివరికి. "దీని తర్వాతి బొమ్మ కూడా ఉండాలే."

"పాడైపోయిందమ్మా," అన్నాడు దువ్వెన. ఆయనకు అబద్ధాలాడే అలవాటు లేదు, మాట తడబడింది. "మరీ మచ్చలు. ఏమీ తెలీడం లేదు."

"తర్వాత ఏముంటుంది అత్తయ్యా, కెమెరా అవతలికి వెళ్ళిపోయిందిగా," అంది మేనకోడలు తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

ముసలావిడ శాలువాలోంచి ఎడమచెయ్యి బయటికి తీసింది. అరచేతి నుంచి మణికట్టు దాకా ముడుచుకుపోయిన పాత కాలిన మచ్చ. ఆ చేతిని తెచ్చి బల్ల మీద, దువ్వెన చేతి పక్కనే పెట్టింది.

"కెమెరా వెళ్ళిపోయింది తల్లీ. నేను అక్కడే ఉన్నాను," అంది. "వెయ్యండి మాస్టారూ. దాన్ని చూడనివ్వండి."